బండి ఎడమకే ఎందుకు పోతోంది?



ఏప్రిల్ నెల వచ్చిందంటే బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో గేట్ల మీద, కరెంటు స్తంభాల మీద సమ్మర్ క్యాంపుల బ్యానర్లు వెలుస్తాయి. ఈత, చదరంగం, కరాటే, చిత్రలేఖనం. వాటి సరసన కొన్నేళ్లుగా రోబోటిక్స్ కూడా చేరింది. హోసూరు రోడ్డుకూ సర్జాపుర రోడ్డుకూ మధ్య వేసిన లేఅవుట్ ఇది. ఆ రెండు రోడ్ల పేర్లే కుదిస్తే హెచ్‌ఎస్‌ఆర్ అయింది. ఏడు సెక్టార్లు, ఒక అంచున అగర చెరువు, ఒక మూలన సిల్క్ బోర్డు కూడలి, 27వ మెయిన్ రోడ్డు పొడవునా కంపెనీ ఆఫీసులు, హోటళ్లు. సాయంత్రం ఏ పార్కులో కూర్చున్నా చిత్తూరు తెలుగు, అనంతపురం తెలుగు, గుంటూరు తెలుగు, వరంగల్ తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు ఎక్కువ. బడులకు సెలవులివ్వగానే ఊళ్ల నుంచి తాతయ్యలు, అమ్మమ్మలు దిగుతారు. నేనూ అలా మదనపల్లె నుంచి వచ్చేవాణ్ణే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మనవరాలిని రోబో క్యాంపులో దింపడానికి వెళ్లి, ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చుని, ఆ పిల్లలు చేసే పని చూడటం అలవాటు చేసుకున్నాను. ఆ పని గురించే ఈ రోజు మీతో మాట్లాడతాను.

రోబో అంటే 2010లో వచ్చిన రజనీకాంత్ సినిమా గుర్తొచ్చేవాళ్లు మనలో చాలామంది. ఈ పిల్లలు చేసేది మనిషి బొమ్మ కాదు. అరచేతి కంటే కాస్త పెద్దదైన బండి. కింద ఒక ప్లాస్టిక్ పలక, దానికి అటూ ఇటూ పసుపు రంగు మోటార్లు రెండు, వాటికి రబ్బరు టైర్లున్న చక్రాలు, ముందు ఎటైనా దొర్లే చిన్న గుండు. ఆ పసుపు మోటార్లను బీఓ మోటార్లంటారు. పలక మీద నీలం రంగు ఆర్డుయినో బోర్డు. ఇటలీలోని ఇవ్రియా ఊళ్లో డిజైన్ చదివే విద్యార్థుల కోసం 2005లో తయారైన బోర్డు ఇది. దీని నమూనాను ఎవరైనా వాడుకునేలా బయటపెట్టారు. అందుకే బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాన్లు అమ్మే ఎస్పీ రోడ్డు దుకాణాల్లో కూడా దాని నకళ్లు కొన్ని వందల రూపాయలకే దొరుకుతున్నాయి. అందులో ప్రోగ్రాం దాచుకునే చోటు 32 కిలోబైట్లు. మన ఫోన్లో తీసిన ఒక్క ఫోటో కూడా అందులో పట్టదు. ఆ కాస్త చోటులోనే బండి నడక అంతా ఇమిడిపోతుంది. బోర్డు ఇచ్చే కరెంటు చిన్న ఎల్‌ఈడీ దీపం వెలిగించడానికి సరిపోతుంది కానీ మోటరు తిప్పడానికి చాలదు. అందుకని మధ్యలో మోటర్ డ్రైవర్ అనే ఎర్ర పలక ఒకటి పెడతారు. బోర్డు ఆజ్ఞ ఇస్తుంది, డ్రైవరు ఆ ఆజ్ఞ ప్రకారం బ్యాటరీ కరెంటును మోటర్లకు పంపుతుంది.

మొదటి రోజుల్లో పిల్లలు రాసే ప్రోగ్రాం చాలా చిన్నది. రెండు మోటర్లనూ ముందుకు తిప్పు. అంతే. కేబుల్ పెట్టి ల్యాప్‌టాప్ నుంచి బోర్డుకు ఎక్కిస్తారు, కేబుల్ తీసి బండిని నేల మీద పెడతారు. గర్రుమంటూ కదులుతుంది. పిల్లలు చప్పట్లు కొడతారు. నాలుగడుగులు వెళ్లేసరికి బండి ఎడమకు తిరిగి గోడను గుద్దుకుంటుంది.

"అన్నా, ఎడమకే పోతా ఉంది. మేము నేరుగా పొమ్మనే రాశాం కదా?"

ఇది అడిగింది ఏడో తరగతి అబ్బాయి. అన్న అంటే అక్కడ నేర్పించే ఇంజనీరింగ్ విద్యార్థి. ఆ అన్న బండి దగ్గరికి రాలేదు, స్క్రూడ్రైవర్ అందుకోలేదు. "ఎందుకు పోతోందనుకుంటున్నారో కాగితం మీద రాయండి. తర్వాత ఒక్కొక్కటే మార్చి చూడండి. రెండు ఒకేసారి మార్చొద్దు" అన్నాడు. నాకు ఆ మాట చాలా నచ్చింది.

పిల్లలు రాశారు. నేల వాలుగా ఉందేమో. బ్యాటరీ బరువు ఒక పక్కకు ఉందేమో. చక్రం వదులుగా ఉందేమో. మోటరే బాగాలేదేమో. నేల సంగతి ముందు తేల్చారు. బండిని ఎదురు దిక్కుకు తిప్పి వదిలారు. నేల వాలే కారణమైతే ఇప్పుడు కుడికి పోవాలి. అప్పుడూ ఎడమకే పోయింది. నేలది తప్పు కాదు. బ్యాటరీ పెట్టెను సరిగ్గా మధ్యకు జరిపారు. మార్పు లేదు. కుడి చక్రం ఎడమకు, ఎడమ చక్రం కుడికి మార్చి బిగించారు. మార్పు లేదు. ఇక మిగిలింది మోటరు. స్క్రూలు విప్పి రెండు మోటర్లనూ అటుదిటు, ఇటుదటు మార్చారు. ఈసారి బండి కుడికి పోయింది. ఆ గదిలో లేచిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. బండి ఇంకా వంకరగానే పోతోంది, కానీ ఎందుకు పోతోందో ఇప్పుడు వాళ్లకు తెలుసు.

ఒకే కంపెనీలో, ఒకే రోజు తయారైన రెండు మోటర్లు కూడా అచ్చంగా ఒకే వేగంతో తిరగవు. లోపలి పళ్ల చక్రాల రాపిడిలో కొంచెం తేడా, తీగ చుట్టులో కొంచెం తేడా. ఆర్డుయినోలో మోటరు వేగాన్ని 0 నుంచి 255 దాకా అంకెలతో చెప్పొచ్చు. పిల్లలు జోరుగా తిరిగే మోటరుకు అంకె తగ్గించుకుంటూ వచ్చారు. 200, 190, 185. గచ్చు మీద సుద్దతో గీత గీసి, బండి ఆ గీత మీద నడుస్తోందా లేదా అని చూసుకుంటూ ఒక అంకె దగ్గర ఆగారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత వదిలితే బండి మళ్లీ పక్కకు పోయింది. బ్యాటరీ దిగిపోయింది. వోల్టేజి పడితే రెండు మోటర్లూ ఒకే లెక్కన తగ్గవు. అప్పుడు అన్న ఇంకో సంగతి చెప్పాడు. చక్రం పక్కన కన్నాలున్న చిన్న బిళ్ల ఒకటి బిగించి, అది ఎన్ని కన్నాలు తిరిగిందో సెన్సర్‌తో లెక్కపెడితే, వెనకబడిన చక్రాన్ని బండి తనంతట తానే వేగం పెంచి సరిచేసుకోగలదు. ఆజ్ఞ ఇచ్చి వదిలేయడం ఒక పద్ధతి. ఆజ్ఞ ప్రకారం జరిగిందో లేదో చూసుకుని సవరించుకోవడం రెండో పద్ధతి. పెద్ద ఫ్యాక్టరీల్లో తిరిగే యంత్రాలైనా, అంతరిక్షంలో తిరిగే ఉపగ్రహాలైనా ఈ రెండో పద్ధతి మీదే నడుస్తాయి. దాన్ని ఏడో తరగతి పిల్లలు ఒక వంకర బండి వల్ల తెలుసుకున్నారు.

అక్కడే ఇంకో బల్ల మీద జరిగింది చెప్పాలి. ఇద్దరు ఆడపిల్లల బండి అసలు కదలడమే లేదు. పెట్టిన వైర్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, ప్రోగ్రాం సరిగ్గానే ఉంది, బ్యాటరీ నిండుగా ఉంది. బోర్డుకు కరెంటు ల్యాప్‌టాప్ నుంచి వస్తోంది, మోటర్లకు విడిగా బ్యాటరీ ఉంది. ఒక నల్ల వైరు తక్కువైంది. బోర్డు గ్రౌండునూ, బ్యాటరీ గ్రౌండునూ కలిపే వైరు అది. బోర్డు తన పిన్ను నుంచి ఐదు వోల్టులు పంపుతోంది నిజమే, కానీ దేని నుంచి కొలిస్తే ఐదు? కొండ ఎత్తు ఎక్కడి నుంచి కొలుస్తున్నామో చెప్పకపోతే ఎత్తు అన్న మాటకు అర్థం లేదు. వోల్టేజి కూడా అంతే. బోర్డుకూ బ్యాటరీకీ ఒకే నేల ఉండాలి. పదో తరగతి పుస్తకంలో పొటెన్షియల్ భేదం అని చదివి, నిర్వచనం అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్న పిల్లల్ని ఎందరినో చూశాను. ఈ ఇద్దరికీ అది నల్ల వైరు రూపంలో తెలిసింది. ఆ వైరు పెట్టగానే చక్రాలు తిరిగాయి. ఇక జన్మలో మరిచిపోరు.

నా మాటలు వింటున్న తల్లిదండ్రులకు ఒకటి చెప్పాలి. ఈ క్యాంపుల్లో పిల్లలకు దక్కేది బండి కాదు. బండిని సాయంత్రానికి విప్పేస్తారు. దక్కేది తప్పును వెతికే ఓపిక. పరీక్షలో తప్పు రాస్తే మార్కు పోతుంది, పేపరు కింద పెట్టేస్తాం, దాని మొహం మళ్లీ చూడం. బండి దగ్గర తప్పు జరిగితే మార్కు పోదు. వంగి చూస్తారు, ఒకటి మార్చి చూస్తారు, ఇంకొకటి మార్చి చూస్తారు. తప్పు అనేది సిగ్గుపడాల్సిన విషయంగా కాకుండా, కనిపెట్టాల్సిన విషయంగా మారుతుంది.

ఈ మాటను నాకంటే చాలా ముందు, చాలా బాగా చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. సీమోర్ పాపర్ట్. 1928లో దక్షిణాఫ్రికాలో పుట్టిన గణిత శాస్త్రజ్ఞుడు. పిల్లలు ఎలా ఆలోచిస్తారో జీవితమంతా పరిశోధించిన జాన్ పియాజే దగ్గర జెనీవాలో కొన్నేళ్లు పనిచేసి, తర్వాత అమెరికాలోని ఎంఐటీకి వెళ్లాడు. 1967లో వాలీ ఫర్జైగ్, సింథియా సాలమన్‌లతో కలిసి పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశాడు. కంప్యూటరంటే గది నిండా ఉండే యంత్రం, దాన్ని ముట్టుకోవడానికి పెద్దవాళ్లకే అనుమతి దొరకని కాలం అది. లోగోకు తర్వాత ఒక తాబేలు తోడైంది. నేల మీద చక్రాలతో తిరిగే గుండ్రటి చిన్న యంత్రం. ముందుకు 100, కుడికి 90 అని పిల్లలు టైపు చేస్తే అలా నడిచేది, పొట్ట కింద ఉన్న పెన్నుతో కాగితం మీద గీత గీసేది. తాబేలు అన్న పేరు కూడా ఉట్టినే రాలేదు. ఇంగ్లండులో బ్రిస్టల్ నగరంలో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు 1948, 49లలో ఎల్మర్, ఎల్సీ అని రెండు యాంత్రిక తాబేళ్లు చేశాడు. ఒక్కోదానిలో ఉన్నవి రెండే రేడియో వాల్వులు. అయినా వెలుతురు వైపు నడిచేవి, అడ్డం తగిలితే పక్కకు తప్పుకునేవి, బ్యాటరీ దిగితే ఛార్జి చేసుకోవడానికి తమ గూటికి వెళ్లేవి. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ పిల్లల బండ్లు ఆ తాబేళ్ల వంశంలోవే.

పాపర్ట్ తాబేలు గొప్పతనం ఎక్కడుందో నాకు క్యాంపులో ఒక ఆటలో కనిపించింది. లెక్కల మాష్టారిని కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

మేడ మీద సిమెంటు నేల. ఒక పాప రోబో. మిగతావాళ్లు ఆమెను నడిపించాలి. ముందు చతురస్రం గీయించారు. ముందుకు ఐదడుగులు, కుడికి 90 డిగ్రీలు, ఇలా నాలుగుసార్లు. పాప నడిచిన దారిని సుద్దతో గీస్తే చక్కటి చతురస్రం. తర్వాత త్రిభుజం. అన్ని భుజాలూ సమానం. ఒకబ్బాయి వెంటనే, "త్రిభుజంలో ఒక్కో కోణం 60 కదా, ముందుకు ఐదడుగులు, కుడికి 60, మూడుసార్లు" అన్నాడు. పాప అలాగే నడిచింది. మూడుసార్లు అయింది, మొదలుపెట్టిన చోటుకు రాలేదు. సగం తేనెపట్టు గదిలాంటి ఆకారం వచ్చింది. ఇంకో మూడుసార్లు నడిస్తే ఆరు భుజాలు పూర్తయి మొదటికొచ్చింది.

కాసేపు గొడవ. త్రిభుజం కోణం 60 అని పుస్తకంలో ఉంది, మరి తప్పెక్కడ? అప్పుడు రోబోగా ఉన్న పాపే చెప్పింది. "నేను ఇటు చూస్తూ వచ్చాను. త్రిభుజం రావాలంటే దాదాపు వెనక్కి తిరగాలి. 60 అంటే కొంచెమే తిరిగినట్టు." మళ్లీ నడిచింది, ఈసారి ఎంత తిరిగితే సరిపోతుందో చూసుకుంటూ తిరిగింది. కొలిచారు. 120. లోపలి కోణం 60 అయితే బయట తిరగాల్సింది 180లో మిగిలిన 120. మూడు 120లు 360. చతురస్రానికి నాలుగు 90లు 360. ఆరు భుజాలకు ఆరు 60లు 360. ఏ ఆకారం చుట్టూ నడిచి మొదటి చోటుకు, మొదటి దిక్కుకు వచ్చినా మొత్తం తిరిగింది ఒక పూర్తి చుట్టే. బహుభుజి బాహ్య కోణాల మొత్తం 360 అన్న సూత్రం బోర్డు మీద నేను రాయించిన తరగతులు చాలానే ఉన్నాయి. ఒక పాప కాళ్లతో దాన్ని కనిపెట్టడం అప్పుడే చూశాను. పిల్లలు తాబేలు స్థానంలో తమ శరీరాన్ని పెట్టుకుని ఆలోచిస్తారని పాపర్ట్ చెప్పిన మాటకు అర్థం ఇదే. 1980లో ఆయన రాసిన మైండ్‌స్టార్మ్స్ పుస్తకం పేరునే 1998లో లెగో కంపెనీ తన రోబో కిట్లకు పెట్టుకుంది.

పాపర్ట్ నుంచి మన తెలుగు నేలకు ఒక దారి ఉంది. 1980ల మొదట్లో పారిస్‌లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక ప్రపంచ కంప్యూటర్ కేంద్రం పెట్టింది. వెనకబడిన దేశాల్లో పిల్లలకు, పల్లెలకు కంప్యూటర్ ఎలా ఉపయోగపడుతుందో చూడాలన్నది దాని ఉద్దేశం. ఆఫ్రికాలోని సెనెగల్‌లో పిల్లల చేత లోగో ప్రోగ్రాములు రాయించింది ఆ కేంద్రమే. పాపర్ట్ అక్కడ పనిచేశాడు. అదే కేంద్రంలో పనిచేసిన ఇంకో శాస్త్రవేత్త మన రాజ్ రెడ్డి గారు. ఆ సేవకు 1984లో ఫ్రాన్స్ దేశం ఆయనకు లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చింది.

దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు 1937లో చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో పుట్టారు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆయనే. మద్రాసు గిండీలో ఇంజనీరింగ్, ఆస్ట్రేలియాలో ఎంటెక్, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేట్. 1979లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి తొలి డైరెక్టరు ఆయనే. 1994లో కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియా ఖండం నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి వ్యక్తి. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పల్లె పిల్లల కోసం ట్రిపుల్ ఐటీలు వచ్చినప్పుడు ఆ ఆలోచన వెనక ఉన్నవారిలో ఆయన ముఖ్యులు. క్యాంపుకు వచ్చే తెలుగు పిల్లలకు ఏ దేశపు కంపెనీ అధిపతి పేరడిగినా టక్కున చెబుతారు, ఈ పేరు మాత్రం చాలామందికి తెలియదు. మన ఇళ్లలో మనమే చెప్పాలి. నేను మదనపల్లె వాణ్ణి కాబట్టి మా పాత జిల్లా వాడని మరీ గట్టిగా చెబుతాను.

మళ్లీ క్యాంపుకు వద్దాం. రెండో వారంలో నల్ల గీత వెంట నడిచే బండి చేశారు. తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటిస్తారు. బండి పొట్ట కింద ఉన్న సెన్సర్ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నేల మీదికి పంపుతుంది. తెలుపు మీద పడితే కాంతి తిరిగొస్తుంది, నలుపు మీద పడితే రాదు. ఆ తేడాతో గీత ఎక్కడుందో తెలుస్తుంది. పొద్దున చక్కగా నడిచిన బండి సాయంత్రం నాలుగింటికి గీత వదిలేసి తిరగడం మొదలుపెట్టింది. ప్రోగ్రాం మొత్తం వెతికారు, ఏమీ దొరకలేదు. చివరికి ఎవరో గమనించారు. పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా చార్టు మీద పడుతోంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా, సెన్సర్‌కు అంతా తెలుపుగానే కనిపిస్తోంది. ఒకరు కిటికీ కర్టెన్ వేశారు. ఇంకో జట్టు సెన్సర్ చుట్టూ నల్ల కాగితంతో చిన్న గొట్టం చేసి తొడిగింది. నాకు రెండోదే ఎక్కువ నచ్చింది. కర్టెన్ ఆ గదిలోనే పనికొస్తుంది, గొట్టం బండితో పాటు ఎక్కడికైనా వెళ్తుంది.

అల్ట్రాసోనిక్ సెన్సర్‌ది ఇంకో కథ. సెకనుకు 40,000 కంపనాలున్న శబ్దాన్ని పంపి, గోడకు తగిలి తిరిగొచ్చేదాకా ఎంతసేపు పట్టిందో లెక్కపెడుతుంది. మన చెవికి 20,000 దాటితే వినిపించదు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. కాలాన్ని వేగంతో గుణించి దూరం చెప్పారు పిల్లలు. గోడ 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తెర మీద 60 వచ్చింది. వెళ్లిన దారి, వచ్చిన దారి రెండూ కలిశాయని అర్థమై సగం చేశారు. సరిపోయింది. గోడను చూసి ఆగే ఆ బండి కర్టెన్‌ను మాత్రం నేరుగా గుద్దింది. గుడ్డ శబ్దాన్ని మింగేస్తుంది. ఏటవాలుగా పెట్టిన అట్టనూ గుద్దింది, ఎందుకంటే శబ్దం వెనక్కి రాకుండా పక్కకు పోతుంది. ఇంకో బండి అన్నీ సరిగ్గా ఉన్నా గోడను గుద్దింది. ప్రోగ్రాంలో ఒక సెకను ఆగు అని రాసి ఉంది. ఆ సెకను పాటు బోర్డు ఏమీ చూడదు, చక్రాలు మాత్రం తిరుగుతూనే ఉంటాయి.

అడ్డం చూసి తప్పుకోవడం అనే ఈ పని ఎంత పెద్దదో బెంగళూరులోనే ఇంకో చోట చూడొచ్చు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు ఊరి అవతలి కొసన ఉంది పీణ్య. అక్కడి ఇస్రో ఇస్ట్రాక్ కేంద్రం నుంచే 2023 ఆగస్టులో చంద్రుడి మీద ప్రజ్ఞాన్ రోవరును నడిపారు. శ్రీహరికోట నుంచి జూలై 14న బయలుదేరి ఆగస్టు 23న దిగిన చంద్రయాన్ 3లోని బండి అది. 26 కిలోలు, ఆరు చక్రాలు, సెకనుకు ఒక సెంటీమీటరు నడక. ఆగస్టు 27న దాని దారికి మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పున్న గొయ్యి కనిపించింది. బెంగళూరు నుంచి ఆజ్ఞ వెళ్లింది, రోవరు వెనక్కి తిరిగి వేరే దారి పట్టింది. అక్కడ చేయి పెట్టి బండిని పక్కకు జరిపేవాళ్లు లేరు. ఈ సంగతి అన్న చెబుతుంటే కర్టెన్‌ను గుద్దిన బండి పిల్లలు కళ్లార్పకుండా విన్నారు. ఆ కష్టం వాళ్లకు తెలుసు కాబట్టి.

క్యాంపులో ఒక జట్టు బండి పక్కన పెట్టి వేరే పని ఎత్తుకుంది. 2024 వేసవిలో బెంగళూరు నీటి కోసం అల్లాడిన సంగతి మీకు తెలుసు. వాళ్ల అపార్ట్‌మెంటులో సంపులో నీళ్లు ఎంతున్నాయో చూడాలంటే మూత తీసి తొంగి చూడాలి, లేకపోతే మోటరు ఒట్టిగా తిరిగాక తెలుస్తుంది. ఆ పిల్లలు అల్ట్రాసోనిక్ సెన్సర్‌ను సంపు మూత లోపలికి తిప్పి బిగించారు. నీళ్లు తగ్గేకొద్దీ దూరం పెరుగుతుంది. దూరం ఒక హద్దు దాటితే వాచ్‌మన్ గదిలో ఎర్ర దీపం వెలుగుతుంది. తేమకు సెన్సర్ పాడైంది. తడి తట్టుకునే రకం ఇంకోటి తెచ్చి పెట్టారు. చక్రాలు లేని ఈ పని చూసి ఇది రోబో ఎలా అవుతుందని ఒక తండ్రి అడిగారు. నా దృష్టిలో ఆ క్యాంపు మొత్తంలో అన్నిటికంటే మంచి పని అదే. తమ ఇంట్లోని ఇబ్బందిని తామే గుర్తించి, కొలిచి, తీర్చారు.

ఇక కష్టం కలిగించే మాట ఒకటి. అన్ని క్యాంపులూ ఇలా ఉండవు. కొన్ని చోట్ల కిట్టులో బొమ్మలతో సహా అంతా వరసగా ఉంటుంది. ఒకటో అంకె వైరు ఒకటో కన్నంలో పెట్టు, తయారుగా ఉన్న ప్రోగ్రాం ఎక్కించు, బండి నడుస్తుంది. చివరి రోజు ప్రదర్శన, అన్ని బండ్లూ ఒకేలా నడుస్తాయి, తల్లిదండ్రుల వాట్సాప్‌కు వీడియో వస్తుంది. అందులో పిల్లవాడు ఏం ఆలోచించాడని అడిగితే జవాబు ఉండదు. చివరి రోజు బండి తప్పక నడవాలన్న ఒత్తిడే నేర్పేవాళ్ల చేత ఆ పని చేయిస్తోంది. ఆ ఒత్తిడి పెడుతున్నది మనమే. క్యాంపులో చేర్చే ముందు ఇన్ని రోబోలు చేస్తారా అని అడిగే బదులు, బండి నడవకపోతే ఏం చేస్తారు అని అడగండి. ఒక కిట్టు ఎంతమందికి ఇస్తారో అడగండి. ఇద్దరికైతే మేలు, ఐదుగురికైతే ఇద్దరు పనిచేస్తారు, ముగ్గురు చూస్తారు. ఆ ముగ్గురిలో చాలాసార్లు ఆడపిల్లలే ఉంటారు. స్క్రూడ్రైవర్ వంతులవారీగా అందరి చేతికీ రావాలి. లిథియం బ్యాటరీలు వాడేచోట పెద్దవాళ్లెవరైనా పక్కన ఉంటారా అన్నది కూడా అడగండి. రెండు కొసలూ పొరపాటున కలిస్తే అవి విపరీతంగా వేడెక్కుతాయి, మండుతాయి.

ఇప్పుడు ఫోన్లో ఏఐని అడిగితే ప్రోగ్రాం అంతా అదే రాసిస్తోంది, ఇంక పిల్లలు నేర్చుకునేదేముంది అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, రాసిస్తుంది, బాగానే రాసిస్తుంది. కానీ ఎడమ మోటరు మెల్లగా తిరుగుతోందని దానికి తెలియదు. నాలుగింటికి ఎండ చార్టు మీద పడుతోందని తెలియదు. నల్ల వైరు పెట్టలేదని తెలియదు. అక్కడ ఉండి చూసే పిల్లలే ఆ సంగతి చెప్పాలి.

ఇదే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఈ క్యాంపుల గడప తొక్కని పిల్లలున్నారు. ఇళ్లలో పనిచేసే అమ్మల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు, కట్టే భవనాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కూలీల పిల్లలు. రాయచూరు, కలబురగి వైపు నుంచి, మన అనంతపురం, కర్నూలు జిల్లాల నుంచి వచ్చిన కుటుంబాలు. క్యాంపు ఫీజు వేలల్లో ఉంటుంది. బండికయ్యే ఖర్చు మాత్రం అంత కాదు. బోర్డు, మోటర్లు, డ్రైవరు, చక్రాలు, సెన్సర్లు, బ్యాటరీలు అన్నీ కలిపి ఎస్పీ రోడ్డులో కొంటే 1,500 రూపాయల లోపే అవుతుంది. విప్పి మళ్లీ వాడొచ్చు, ఏళ్ల తరబడి.

ఫీజు కట్టలేని పిల్లలకు ఇలాంటివి అందవని అనుకోకండి. బెంగళూరు నుంచి రైలెక్కితే వంద కిలోమీటర్ల దూరంలో కుప్పం. అక్కడ గుడివంక దగ్గర 172 ఎకరాల్లో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం ఉంది. 1999లో మొదలైన ఆ సంస్థ ప్రభుత్వ బడుల పిల్లల దగ్గరికి వ్యాన్లలో సైన్సు పరికరాలు తీసుకెళ్లి చేతికిస్తుంది. పిల్లలకు పిల్లల చేతే చెప్పిస్తుంది. దేశంలో పదివేల బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి. ఆరు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల కోసం ఒక్కో ల్యాబుకు 20 లక్షల దాకా కేంద్రం ఇచ్చింది. ఇంకో 50,000 ప్రభుత్వ బడుల్లో పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. మీ ఊరి బడిలో అలాంటి ల్యాబు ఉంటే, సెలవుల్లో బడికి వేసే తాళం దానికి వేయొద్దని హెడ్మాస్టరు గారిని అడగండి. పిల్లలకు తీరిక ఉండేది ఈ రెండు నెలలే.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉన్న మన తెలుగువాళ్లను కూడా ఒకటి అడుగుతున్నాను. మీ అపార్ట్‌మెంట్లలో క్లబ్ హౌస్ పగలంతా ఖాళీగా ఉంటుంది. పది కిట్లు, నాలుగు పాత ల్యాప్‌టాప్‌లు, రెండు వారాలు. ఇరవై మంది పిల్లలకు సరిపోతుంది. మీ ఇళ్లలో ఇంజనీరింగ్ చదివే పిల్లలు సెలవులకు వస్తారు, నేర్పించే అన్నలూ అక్కలూ వాళ్లే. కన్నడం, తెలుగు, హిందీ ఏది వస్తే అందులో చెప్పొచ్చు. లెక్కల భాగం చెప్పడానికి, సుద్దముక్క పట్టుకుని మేడ మీద త్రిభుజాలు గీయించడానికి నేను వస్తాను, నాలాంటి రిటైరైన మాష్టార్లు ప్రతి సెక్టారులోనూ ఉన్నారు.  ఈ ఆదివారం మీ అసోసియేషన్ మీటింగులో ఈ మాట ఎత్తండి.